రాతి మీద రెండో పేరు

ప్రత్తిపాడు సమాధుల తోటలో షారోన్ పేరు పదకొండేళ్ళుగా ఉంది. షారోన్ మాత్రం ఊళ్ళోనే ఉంది. పొద్దున్నే లేచి అత్తగారికి టీ పెట్టి, క్యారేజీ కట్టుకుని, ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి పిల్లలకు తెలుగూ లెక్కలూ చెప్పి, సాయంత్రం కూరగాయలు బేరమాడి ఇంటికొస్తుంది. ఇంత నిక్షేపంగా బతికున్న మనిషి పేరు సమాధి రాతి మీదికి ఎలా ఎక్కిందో చెప్పాలంటే ముందు ప్రసన్నకుమార్ గురించి చెప్పాలి.

ప్రసన్నకుమార్ ఆమె భర్త. చీమకుర్తిలో గ్రానైట్ కోసి పాలిష్ పెట్టే ఒక యూనిట్‌లో లెక్కలు రాసేవాడు. చర్చిలో పాడేవాడు. పాట బాగుండేది, మాట ఇంకా బాగుండేది. సర్కారు ఉద్యోగమున్న పిల్లను, ఆ పిల్ల వెనక రాబోయే ఇళ్ళ స్థలాన్ని కాదనుకుని, ఏమీ లేని షారోన్‌ను కోరి చేసుకున్నాడు. పెళ్ళికి ముందు ఒకసారి షారోన్ స్నేహితురాళ్ళతో కలిసి ఆ యూనిట్ చూడ్డానికి వెళితే, అద్దంలా మెరుస్తున్న ఒక నల్లరాయి పక్కన ఆమెను నిలబెట్టి, "మనిద్దరికీ ఒకటే రాయి వేయించుకోవాలి" అన్నాడట. ప్రేమలో పడ్డ మగవాడు చావు గురించి మాట్లాడినంత ధారాళంగా బియ్యం గురించి మాట్లాడడు. షారోన్ ఆ మాటకు కరిగిపోయింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, కరగక ఏం చేస్తుంది?

కాపురం నాలుగేళ్ళే. ఆ నాలుగేళ్ళూ నిజంగానే బాగున్నాయి. అద్దె ఇంటి రేకులు కురిస్తే కింద గిన్నెలు పెట్టి, వాటిలో చినుకులు పడే చప్పుడుకు పాట కట్టి ఆమెకు వినిపించేవాడు. రేకులు మాత్రం మార్పించలేదు. జీతం రోజున మల్లెపూలు ముందు వచ్చేవి, ఉప్పూ పప్పూ ఆ తర్వాత గుర్తొచ్చేవి. షారోన్ దానికి ఒక్కనాడూ విసుక్కోలేదు. మనకు అందరిలాంటి సంసారం కాదని లోపల గర్వపడేది. అలా ఉండగానే అతనికి కామెర్లు వచ్చాయి. ఆకుపసరు అనుకున్నారు, తర్వాత ఆసుపత్రి అనుకున్నారు. ఆ రెంటి మధ్యా ఆలస్యమైపోయింది.

యూనిట్‌లో తోటివాళ్ళు తలాకొంత వేసుకుని మంచి రాయి ఇచ్చారు. చెక్కేది షబ్బీర్. ప్రసన్నకు ప్రాణ స్నేహితుడు. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ కాగితం మీద రాసివ్వమన్నాడు. షారోన్ రాసిచ్చిన కాగితంలో రెండు పేర్లున్నాయి. రెండోది ఆమెది. పుట్టిన తేదీ వేసి, పక్కన గీత గీసి, తర్వాత ఖాళీ వదిలింది.

"ఇదిప్పుడెందుకు వదినా?" అన్నాడు షబ్బీర్. "చాలా చిన్న వయసు మీది. ఈ ముక్క తర్వాత ఎప్పుడైనా చెక్కొచ్చు."

"ఇద్దరికీ ఒకటే రాయని ఆయన మాటిచ్చాడు. చెక్కు షబ్బీర్."

పెళ్ళిలో చర్చి అయ్యగారు పలికించిన ప్రమాణం 'మరణం విడదీసేదాకా' అన్నంతవరకే. దేవుడు అడిగింది కూడా అంతే. షారోన్ దానికి కొసరు వేసింది. షబ్బీర్ తల వంచుకుని చెక్కాడు. గొయ్యి మీద సిమెంటు కట్టు కూడా ఇద్దరికి సరిపడా వెడల్పుగా కట్టారు. అతని పక్కన ఆమెకు చోటు అట్టిపెట్టారన్నమాట.

దుఃఖంలో మనిషి చేసే పనులను లోకం ఏడాది తిరక్కుండా మరిచిపోతుంది. దీన్ని మరవలేదు, రాతి మీద ఉంది మరి. ఏటా నవంబరు మొదట్లో సమాధుల పండుగ వస్తుంది. అందరూ తమవాళ్ళ సమాధులు కడిగి, సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ రోజున ప్రసన్నకుమార్ రాయి దగ్గర జనం ఆగి చదివేవారు. మొదటి ఏడు చదివి కళ్ళు తుడుచుకున్నారు. రెండో ఏడు అయ్యగారు ప్రసంగంలో ఎత్తుకున్నారు. ఇక అక్కణ్ణుంచి అది ఆనవాయితీ అయింది. "మన మధ్యనే ఒక సహోదరి ఉన్నది" అని మొదలుపెట్టగానే తలలన్నీ షారోన్ వైపు తిరిగేవి. అయ్యగార్లు బదిలీ మీద మారారు గానీ ప్రసంగం మారలేదు.

స్త్రీల సమాజానికి పెద్ద అయిన లిడియమ్మ గారైతే ఆ రాయిని మందులా వాడేది. మొగుడితో తగువు పడి పుట్టింటికి వచ్చిన పిల్లలను చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళేది. "చదవ్వే. ప్రేమంటే ఇదీ. మీ ఆయన బతికున్నాడు, నీకేం తక్కువ?" అనేది. వాళ్ళలో కొందరు నిజంగానే తిరిగి కాపురాలకు వెళ్ళారు. ఆ పుణ్యమంతా షారోన్ ఖాతాలో పడేది.

మొదట్లో షారోన్‌కు ఇది బాగానే ఉంది. దాచడమెందుకు, బాగానే ఉంది. ఏమీ మిగలని మనిషికి అంత గౌరవం దొరికితే చేదా? ఊరంతా కలిసి మునగచెట్టు ఎక్కిస్తే ఎవరైనా ఎక్కుతారు. దిగడం ఎలాగన్నది ఎక్కేటప్పుడు ఎవరికీ తోచదు.

ఆమెకు తోచేసరికి ఏళ్ళు గడిచాయి. ఒక పండుగకు ఆవపువ్వు రంగు చీర కొనుక్కుంది, కేవలం ఆ రంగు తనకు నచ్చి. చర్చి మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. ప్రసన్నకు పసుపంటే ఇష్టమేమో, పాపం గుర్తుకు కట్టుకుంది అని. ప్రసన్నకు ఏ రంగంటే ఇష్టమో ఆమెకే తెలియదు, వాళ్ళకెలా తెలిసిందో. స్కూటీ నేర్చుకుంటే, 'ఆయనే ఉంటే వెనక కూర్చునేది కదా' అన్నారు. బడిలో పిల్లల మాటలకు గట్టిగా నవ్వితే, 'లోపల ఎంత దాచుకుని నవ్వుతుందో చూడండి' అన్నారు. ఏం చేసినా అది చచ్చిపోయినవాడి లెక్కలోకే వెళ్ళేది. ఆమెకంటూ ఒక చీర, ఒక నవ్వు కూడా మిగల్లేదు.

ఇంకో పెళ్ళి చేసుకోవద్దని ఆమెను ఎవరూ అనలేదు. ఆ మాట చెప్పుకోవాలి. వాళ్ళ సంఘంలో మారు మనువులు కొత్త కాదు. ఎవరైనా వద్దని ఉంటే షారోన్ తిరగబడి చేసుకునేది, ఆ పౌరుషం ఆమెకుంది. తిట్టేవాళ్ళ మీద తిరగబడొచ్చు. మెచ్చుకునేవాళ్ళ మీద ఎలా తిరగబడాలో ఆమెకు తెలియలేదు.

ఈ మధ్య ఇంకొకటి జరిగింది. ప్రసన్న గొంతు ఆమెకు గుర్తురావడం మానేసింది. అతను పాడిన పాటలు గుర్తున్నాయి, మాటలు గుర్తున్నాయి, గొంతు లేదు. పండుగనాడు రాయి ముందు నిలబడి అందరూ తన మొహం చూస్తున్నప్పుడు, కళ్ళు మూసుకుని ఆ గొంతు కోసం వెతుక్కునేది. దొరికేది కాదు. చూసేవాళ్ళు మాత్రం ప్రార్థన చేసుకుంటుందనుకునేవారు. తను వాళ్ళందరినీ మోసం చేస్తున్నానని ఆమెకు భయం వేసేది.

ఇంట్లో మిగిలింది అత్తగారు అంకమ్మ. ప్రసన్నకుమార్ తల్లి. మిరప కోతలు మొదలైతే తెల్లారకముందే మరో పదిమందితో ఆటో ఎక్కి గుంటూరు వెళుతుంది. అక్కడ కోల్డ్ స్టోరేజీ షెడ్డులో కూర్చుని ఎర్రగా ఉన్న మంచికాయ ఒక కుప్పగా, రంగుపోయిన తాలుకాయ ఒక కుప్పగా ఏరుతుంది. కూలికి పోవద్దని షారోన్ ఎన్నిసార్లు చెప్పినా, "కూర్చుంటే కాళ్ళు పట్టేస్తయ్యి" అంటుంది. ఇంటికొచ్చి ఎన్నిసార్లు కడిగినా చేతుల మంట పోదు. షారోన్ కొబ్బరినూనె రాస్తుంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. మాట్లాడుకోకపోయినా జరిగిపోయే సంసారం అది.

పోయిన వేసవిలో షెడ్డులో అంకమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది. అక్కడి సూపర్‌వైజరు ఫోను చేస్తే షారోన్ పరుగున వెళ్ళింది. వెళ్ళేసరికి అతను ముసలామెను తన గదిలో ఫ్యాను కింద పడుకోబెట్టి, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్ళు చెంచాతో తాగిస్తున్నాడు. అతని పేరు ఇమ్మానియేలు. నలభై దాటాయి. మిరపఘాటుకు రోజూ తుమ్మే మనిషి, మాట మధ్యలో ఆగి తుమ్మి మళ్ళీ అక్కణ్ణుంచే అందుకుంటాడు. భార్య పోయి మూడేళ్ళయింది, పిల్లలు లేరు. ఆటో పిలిచి, కిరాయి మాట్లాడి, "పడుకోబెట్టండి, రేపు పనిలోకి పంపకండి" అని చెప్పి తన పని చూసుకున్నాడు.

తర్వాత అంకమ్మ ఆరోగ్యం ఎలా ఉందని ఫోను చేశాడు. ఆమె నెమ్మదించాక కూడా చేశాడు. ఒకరోజు షారోన్ బడి పుస్తకాల కోసం గుంటూరు వెళితే టీ తాగుదాం రమ్మని, గ్లాసు కింద పెట్టకముందే విషయం చెప్పేశాడు.

"నాకు ప్రేమా గీమా రాదండి. ముందే చెప్పడం మంచిది. సొంత ఇల్లు, చిన్నదే. కుళాయి లోపలే ఉంది. గీజరుంది, వాషింగ్ మెషీన్ ఉంది. వండుకోవడం వచ్చు గానీ ఒక్కణ్ణే కూర్చుని తినబుద్ధి కావట్లేదు. మీకిష్టమైతే ఆలోచించుకోండి." తుమ్మాడు. "తొందరేం లేదు."

షారోన్‌కు నవ్వొచ్చింది. నవ్వింది కూడా. ఆ నవ్వుకు అతను ఏ అర్థమూ తీయలేదు, ఊరికే తనూ నవ్వాడు. ఇంటికొచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె ఆలోచించింది ప్రేమ గురించి కాదు, వాషింగ్ మెషీన్ గురించి. వానాకాలంలో దుప్పట్లు పిండీ పిండీ ఆమె మణికట్లు పీకుతాయి. ఇంత ప్రేమకథ మోసిన దాన్ని, చివరికి ఒక బట్టలుతికే డబ్బాకు పడిపోతున్నానా అని సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే, ఎదురుగా ఒక మనిషి కూర్చుని అన్నం తింటుంటే ఎలా ఉంటుందో ఊహించుకుంది. ప్రత్తిపాడు వచ్చేసిందని కండక్టరు అరిస్తే గానీ లేవలేదు.

నాలుగైదు సార్లు కలిశాక ఆమె సరేనందామనుకుంటుండగా ఇమ్మానియేలే రాయి సంగతి ఎత్తాడు.

"రాయి గురించి నాకు తెలుసండి. మీ ఊరి ఆడవాళ్ళు కాయలేరుతూ అదే చెప్పుకుంటారు. నేనేం అనుకోను, చిన్నతనంలో చేశారు. కానీ నా భార్య అయ్యాక మీ పేరు ఇంకొకాయన సమాధి మీద ఉంటే నలుగురూ నన్నేమంటారు? ఊళ్ళో ఉన్న మా అమ్మకు నేనేం చెప్పాలి? పెళ్ళికి ముందే అది తీయించండి. ఇంకేమీ అడగను."

అతను అడిగింది న్యాయంగానే ఉంది. ఏ మగవాడైనా అంతమాత్రం అడుగుతాడనిపించింది. కానీ ఆ పేరు తీయిస్తే ఊరు ఊరుకోదు, తీయించకపోతే ఇతను చేసుకోడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కొన్నాళ్ళు ఎవరికీ ఏమీ చెప్పకుండా గడిపి, ఒక సెలవునాడు ఒంగోలు మీదుగా చీమకుర్తి వెళ్ళింది.

షబ్బీర్ ఇప్పుడు సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. వంటింటి గట్ల రాళ్ళు, పూజగది రాళ్ళు, సమాధి రాళ్ళు అన్నీ ఒకే గోడకు ఆనించి ఉన్నాయి. ఆమె చెప్పింది విని చేతిలో ఉలి పక్కన పెట్టాడు. ఎందుకని అడగలేదు.

"కాగితం మీద రాత కాదు కదా వదినా చెరపడానికి" అన్నాడు. "అక్షరం లోపలికి దిగి ఉంటది. అది పోవాలంటే ముఖం మొత్తం అరగదీసి మళ్ళీ పాలిష్ పెట్టాలి. ఒక్క మీ పేరు దగ్గరే అరగదీస్తే గుంట పడద్ది. ఎవరు చూసినా, ఇక్కడ ఏదో ఉండేది, తీసేశారని తెలిసిపోద్ది."

"మొత్తం అంటే... ఆయన పేరు కూడానా?"

"ఆ. రెండూ పోతయ్యి. ప్రసన్న పేరు మళ్ళీ కొత్తగా చెక్కుతాలే."

మళ్ళీ చెక్కొచ్చు, నిజమే. కానీ ముందు పోవాలి. తన పేరు ఒక్కటే తీసుకుని మర్యాదగా పక్కకు తప్పుకుందామనుకుంది షారోన్. అతన్ని కూడా తుడిచెయ్యకుండా తను బయటపడే దారి లేదన్నమాట. తిరిగొచ్చేటప్పుడు బస్సుకు ఎదురుగా రాళ్ళ లారీలు వరసగా వస్తూనే ఉన్నాయి. ఒక్కో దిమ్మె ఒక్కో ఇంటంత ఉంది.

ఆ సాయంత్రం అత్తగారి చేతులకు నూనె రాస్తూ కూర్చుంది. ఏమీ చెప్పకుండానే అంకమ్మ మొదలుపెట్టింది.

"ఆ ఇమ్మానియేలు మంచోడే అమ్మాయ్. కూలోళ్ళ మీద అరవడు. చేసుకో."

షారోన్ చెయ్యి ఆగింది. "నీకెవరు చెప్పారత్తా?"

"షెడ్డులో కాయలకంటే మాటలు ఎక్కువ ఏరతాం మేము." ముసలామె నవ్వలేదు. "రాయి సంగతి కదా నీ దిగులు? నేనొకటి చెబుతా, ఏమీ అనుకోమాక. వాడి పక్కన ఆ చోటు నేననుకున్నా. మీ మావని పెట్టిన పాత తోట రోడ్డు కిందకి పోయింది. మొగుడి పక్కన ఎట్టాగూ లేదు, కొడుకు పక్కనన్నా పడుకుందామనుకున్నా. ఆ రోజు నువ్వు రెండో పేరు నీది రాయిచ్చావు. నువ్వు ఏడుస్తన్నావు. నేనేమంటా?"

"పదకొండేళ్ళు... ఒక్కసారన్నా చెప్పలేదే."

"ఎట్టా చెప్పేదే? ఊరంతా నిన్ను మెచ్చుకుంటంది. ముసల్ది గొయ్యి కోసం కోడలితో తగువాడిందనరూ? ఇప్పుడు తోట నిండిపోయింది, కొత్తోళ్ళకి గోడ అవతలే అంటన్నారు." నూనె చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూసుకుంది. "నువ్వు పోతే నాకా చోటు దొరుకుద్ది. అందుకని నిన్ను పొమ్మంటన్నానని అనుకోమాక. అందుక్కూడా పొమ్మంటన్నాలే, అబద్ధమెందుకు."

షారోన్ ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. తను ప్రేమ అనుకుని చేసిన పని ఈ ముసలామె నోటి ముందు కూడు లాక్కోవడమని పదకొండేళ్ళకు తెలిసింది. మిరపఘాటు తగులుతుందని అంకమ్మ తన చేతులు ఎత్తిపట్టుకుంది, కోడలి తల నిమరలేకపోయింది.

సంఘంలో ఈ సంగతి చెప్పిన రోజు షారోన్ తిట్లకు సిద్ధపడి వెళ్ళింది. తిట్లు పడలేదు. అయ్యగారు కుర్రవాడు, ఏమనాలో తెలియక ప్రార్థన చేద్దామన్నాడు. లిడియమ్మ గారు కళ్ళు మూసుకోలేదు.

"అమ్మా షారోన్, నిన్ను చూపించి ఎంతమంది పిల్లల్ని కాపురానికి పంపానో నీకు తెలుసుగా. వాళ్ళొచ్చి అడిగితే ఏం చెప్పమంటావు? కాపురాలు నిలవని ఈ కాలంలో నీ ఒక్కదాని పేరే చెప్పుకున్నాం."

"నేనూ మనిషినే కదండీ."

"అది మాకు తెలియదా అమ్మా" అంది లిడియమ్మ గారు. నిజంగానే బాధపడింది. తన ఇంట్లో దీపం ఎవరో ఎత్తుకుపోతున్నట్టు చూసింది. ఆ చూపు తిట్టుకంటే బరువుగా ఉంది. బయటికి వస్తుంటే ఇంతకుముందు లేచి నిలబడి వందనాలు చెప్పే ఆడపిల్లలు ఫోనుల్లో తలలు దూర్చుకున్నారు.

రాయిని ఊడదీయించి ట్రక్కు ఆటోలో చీమకుర్తి పంపారు. షబ్బీర్ రావద్దన్నా షారోన్ వెళ్ళింది. దగ్గరుండి చెక్కించిన దాన్ని, దగ్గరుండి తీయించకపోవడం తప్పనిపించింది. రాయిని యంత్రం కింద పడుకోబెట్టి నీళ్ళు వదిలాడు. పాలలాంటి బురద పక్కకు కారడం మొదలైంది. ప్రసన్నకుమార్ పేరు పెద్ద అక్షరాల్లో లోతుగా ఉంది. తన పేరు చిన్నగా పైపైన ఉంది. అందుకని తనదే ముందు పోయింది. తేదీ పోయింది, గీత పోయింది, ఖాళీ అలాగే ఉంది. కాసేపు రాతి మీద అతని పేరొక్కటే మిగిలింది.

షబ్బీర్ యంత్రం ఆపి ఆమె వైపు చూశాడు. "ఇక్కడితో వదిలేద్దామంటే కుదరదు వదినా. ముఖం సమంగా రాలేదు. పాలిష్ పట్టదు."

"వదిలెయ్యమనలేదు నేను."

ఇంకా చాలాసేపు పట్టింది. అక్షరాలు ఒక్కొక్కటే సన్నబడి గీతలయ్యాయి, గీతలు చుక్కలయ్యాయి. నీళ్ళు కొట్టి తుడిస్తే ఏమీ లేదు. అతను పోయిన రోజు కంటే ఆ రోజే ఎక్కువ ఏడ్చానని తర్వాత అత్తగారితో చెప్పింది. అదే రాతి మీద షబ్బీర్ మళ్ళీ ప్రసన్నకుమార్ పేరు చెక్కాడు. కింద అంకమ్మ పేరు, గీత, ఖాళీ. అంకమ్మకు పుట్టిన తేదీ తెలియదు. తుఫాను వచ్చిన ఏడు అని చెప్పింది, ఏ తుఫానో చెప్పలేకపోయింది. అందుకని గీతకు అటూ ఇటూ కూడా ఖాళీయే.

పెళ్ళి అక్టోబరులో గుంటూరులో జరిగింది. ప్రత్తిపాడు నుంచి అంకమ్మా, బడిలో ఇద్దరు టీచర్లూ తప్ప ఎవరూ రాలేదు. ఇమ్మానియేలు చెప్పినవన్నీ ఉన్నాయి. కుళాయి లోపలే ఉంది. గీజరు పనిచేస్తుంది. వాషింగ్ మెషీన్ ఆగేటప్పుడు చిన్న పాట పాడుతుంది. సాయంత్రం ఇంటికొస్తూ అతను, "తిన్నావా?" అని అడుగుతాడు. తినలేదంటే ఎందుకు తినలేదని కోప్పడతాడు. రేకులు కురవని ఇల్లు. ఇంతకంటే ఏం కావాలి అని షారోన్ తనకు తాను చెప్పుకునేది. ఆ మాటలో అబద్ధం కూడా లేదు.

సమాధుల పండుగ వచ్చింది. పొద్దున్నే ప్రత్తిపాడు వెళ్ళొస్తానని షారోన్ అంటే, "ముందు మన తోటకి వెళ్దాం. మధ్యాహ్నం నుంచి వెళుదువుగాని" అన్నాడు ఇమ్మానియేలు. మన తోట అన్న మాట ఆమెకు కొత్తగా వినపడింది. అతని మొదటి భార్య పేరు కరుణ అని తెలుసు. ఫోటో చూసింది. సమాధి చూడలేదు.

గుంటూరు తోట తిరునాళ్ళలా ఉంది. బకెట్లు, చీపుళ్ళు, బంతిపూల గంపలు. ఇమ్మానియేలు నేరుగా ఒక నల్లరాయి దగ్గరకు వెళ్ళి, చొక్కా చేతులు మడిచి, ఎండుటాకులు ఏరేశాడు. సబ్బునీళ్ళలో పాత బ్రష్షు ముంచి రుద్దడం మొదలుపెట్టాడు. షారోన్ చెంబుతో నీళ్ళు పోసింది. దుమ్ము కింద నుంచి కరుణ పేరు తేలింది. దాని కింద ఇమ్మానియేలు పేరు తేలింది. పుట్టిన తేదీ, గీత, ఖాళీ.

ఆమె చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

"ఇది..."

"అదా" అన్నాడు తలెత్తకుండా. "రెండు పేర్లూ ఒకేసారి చెక్కిస్తే తక్కువలో చేస్తానన్నాడు చెక్కేవాడు. మళ్ళీ మళ్ళీ ఎందుకని."

"మరి తీయించరా?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నాదెందుకు? మగాణ్ణి. నన్నెవరడుగుతారు?"

చెప్పి మళ్ళీ పనిలో పడ్డాడు. బ్రష్షు మొనతో కరుణ పేరులో ఒక్కో అక్షరం సందులోంచి మట్టి తీస్తున్నాడు. కాయలు గుట్టలుగా పోసి 'కానివ్వండి, కానివ్వండి' అని తొందరపెట్టే మనిషి, ఒక్క 'ణ' దగ్గర అంతసేపు ఉన్నాడు. ఈ పొద్దుటినుంచీ అతను ఒక్కసారి కూడా తుమ్మలేదని షారోన్ అప్పుడు గమనించింది.

రాయి చెక్కేవాడి ముందు నిలబడిన రోజు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఆ వారంలో మనిషికి ధర వినపడదు. ఎవడు ఎంత తగ్గించాడో గుర్తుండదు. ఇతనికి ప్రేమ రాకపోవడమేమిటి, వచ్చు. ఎంత వచ్చో అంతా తెచ్చి ఇక్కడ పెట్టేశాడు. అది పెట్టేశాక మిగిలిన ఇంటికి, కుళాయికీ గీజరుకీ తోడుగా తనను తెచ్చుకున్నాడు. అతని పేరు అతను భద్రంగా ఉంచుకున్నాడు, ఆమె పేరు మాత్రం ఆమెతోనే అరగదీయించాడు. మోసం చేద్దామని కాదు. అడిగేవాళ్ళు లేరు గనక ఉంచుకున్నాడు, అంతే. షారోన్‌కు కోపం వస్తే బాగుండేది. రాలేదు. ప్రసన్న పేరు చుక్కలయ్యేదాకా నిలబడి చూసిన తన మీద తనకు అసహ్యం వేసింది. ప్రత్తిపాడులో తన చోటు అత్తగారికి ఇచ్చేసింది. ఇక్కడ కరుణ పక్కన చోటు ఇతనిది. చుట్టూ జనం కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. ఆమెను ఎరిగినవాళ్ళు ఆ తోటలో ఒక్కరూ లేరు.

"నీళ్ళు పొయ్యి షారోన్" అన్నాడు ఇమ్మానియేలు. "సబ్బు ఆరిపోతే మచ్చ పడుద్ది."

ఆమె వంగి అతని పేరు మీద, పక్కనున్న ఖాళీ మీద నీళ్ళు పోసింది. అతను అరచేత్తో తుడిచాడు.